రద్దు కాని పథ్యం

బెంగాలీల నడుమ ఉన్న ఈ రైల్వే ఊళ్ళో, ఖరిదా పేటలో మా వీధిలో ఎవరికైనా కళ్ళు పచ్చబడితే ఇప్పటికీ ఒకసారి మా ఇంటికి పంపిస్తారు. వైద్యానికి కాదు, మా వంటింటి గోడ చూసి రమ్మని. ఆ గోడ మీద, పొయ్యికి ఎడంపక్క, ఒక కాగితం అంటించి ఉంటుంది. పొగకీ నూనె తుంపరలకీ అది టీ రంగుకి తిరిగింది. వచ్చినవాళ్ళకి దాని కథ మొదటినుంచీ చెప్పి చెప్పి విసుగొచ్చింది. రాసి పెడితే ఇకమీదట చేతికిచ్చి చదువుకోమనవచ్చని ఈ పనికి దిగాను.

ముప్పై ఏళ్ళు ఒక తెలుగు దినపత్రికకి ఈ ఊరినుంచి వార్తలు పంపినవాణ్ణి. ఏ బండి ఎందుకు ఆలస్యమైందో, వర్క్‌షాపు గేటు దగ్గర ఎవరు ఏం మాట్లాడారో, గోల్‌బజార్‌లో ఎవరికి ఎవరితో తగువైందో రాసి, కవరులో పెట్టి, మెయిలు గార్డు చేతికిచ్చి విశాఖపట్నం పంపేవాణ్ణి. చూడటమే నా పని. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ కథలో చూడవలసినదాన్ని నేను ఆరు నెలలపాటు చూడలేదు. అదీ నా కంచానికి మూరెడు దూరంలో ఉన్నదాన్ని.

తొంభైల మొదట్లో, పత్రిక పని మానుకున్న ఏడాదే, శ్రావణంలో నాకు జబ్బు మొదలైంది. ముందు ఆకలి పోయింది. తర్వాత ఒళ్ళంతా బరువు. ఒకరోజు పొద్దున్న నా భార్య పైడితల్లి టీ గ్లాసు అందిస్తూ ఆగిపోయింది.

"ఏటండీ, మీ కళ్ళు పసుపు పూసినట్టున్నాయి."

"కిటికీ వెలుగు" అన్నాను.

ఆమె నమ్మలేదు గాని అప్పటికి ఊరుకుంది. మధ్యాహ్నం ఇలిశ చేప పులుసు చేసింది. వానాకాలంలో ఒకటి రెండుసార్లు మాత్రమే మా ఇంటికొచ్చే చేప అది. దాని వాసన వీధి మొదట్లో తగిలితే నా నడక వేగం పెరుగుతుందని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఆ రోజు గిన్నె మూత తీయగానే నేను పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకున్నాను. పైడితల్లి మూత మళ్ళీ పెట్టేసి, గోడ అవతలికి కేకేసింది.

"అన్నియ్యా, ఓపాలి రా. ఈయనకి ఇలిశ వద్దంట."

గోడ అవతల ఉండేది ఆమె అన్న సింహాచలం. నాకు బావ. మెయిలు బండ్లు నడిపి రిటైరైన డ్రైవరు. క్వార్టరు ఖాళీ చేశాక మా పక్క వాటాలోకి వచ్చాడు. భార్య పోయి అప్పటికి మూడేళ్ళు. కొడుకు వర్క్‌షాపులో పని, కోడలు వంట. ఆయనకి మాత్రం పనేమీ లేదు. ఇంజను దిగిపోయినా కళ్ళు ఇంకా సిగ్నళ్ళ కోసం వెతికే మనిషి. నా కంటి రెప్ప కిందికి లాగి చూసి, "పసుపు సిగ్నలు పడిపోనాది. పద డాక్టరు దగ్గిరికి" అన్నాడు.

మా వైపు డాక్టర్లు మందుల షాపుల్లోనే కూర్చుంటారు. ముందు మందులు, వెనక పరదా, పరదా వెనక డాక్టరుబాబు. పరదా ముందు ఒక బెంచీ. ఆ బెంచీ మీద కూర్చున్నంతసేపూ ఎవరి జబ్బు వాళ్ళది కాదు, అందరిదీ. నా పక్కన కూర్చున్న బెంగాలీ ముసలాయన నా కళ్ళలోకి తొంగిచూసి, "జండీస్" అని అందరికీ ప్రకటించాడు. ఇంకొకాయన తన మేనమామ దీనితోనే పోయాడని, ఎన్నాళ్ళు పట్టిందో, చివరి రోజుల్లో ఏం తిన్నాడో నెమ్మదిగా చెప్పాడు. నేను నవ్వుతున్నట్టు కూర్చున్నాను. లోపల మాత్రం భయంగా ఉంది. ఇన్నేళ్ళలో ఎందరి చావు వార్తలో రాశాను, "కొంతకాలంగా అస్వస్థులుగా ఉన్న" అని. ఆ వాక్యంలో నా పేరు ఎక్కడ సరిపోతుందో చూసుకుంటూ కూర్చున్నాను.

డాక్టరుబాబు కుర్రవాడు, మంచివాడు. రక్తం పరీక్ష చేయించాడు. ప్రాణానికి భయం లేదన్నాడు. విశ్రాంతి తీసుకోమని ఒక చీటీ మీద తిండి వివరం రాశాడు. నూనె వద్దు, మసాలా వద్దు, చేప, మాంసం, గుడ్డు వద్దు. మెత్తటి అన్నం, ఉడకబెట్టిన బొప్పాయి కాయ, చెరకు రసం. ఆఖరున ఒక లైను: నేను మళ్ళీ చెప్పేవరకు. ఆయన ఉద్దేశం పదిహేను రోజులో, ఇరవై రోజులో. అందులో ఆయన తప్పేమీ లేదు.

ఇంటికొచ్చాక సింహాచలం కళ్ళజోడు పెట్టుకుని చీటీ పైనుంచి కిందికి చదివాడు. ఆఖరి లైను దగ్గర ఆగి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"బావా, ఇది చీటీ కాదు. కాషన్ ఆర్డరు."

రైల్వే ఊరి బయట ఉన్నవాళ్ళ కోసం చెప్పాలి. ఎక్కడైనా పట్టా బాగులేకపోయినా, వంతెన పని జరుగుతున్నా, బండి బయలుదేరేముందు డ్రైవరు చేతికి ఒక కాగితం ఇస్తారు. ఫలానా చోటునుంచి ఫలానా చోటుదాకా నెమ్మదిగా పో అని. అదే కాషన్ ఆర్డరు. పట్టా బాగుపడినా, కొత్త కంకర పోసి తళతళలాడుతున్నా, రద్దయినట్టు కాగితం వచ్చేదాకా బండి నెమ్మదిగానే పోవాలి. బాగుపడింది కదా అని డ్రైవరు తన కళ్ళని నమ్మి వేగం పెంచకూడదు. ముప్పై ఐదేళ్ళు అలా కాగితాన్ని నమ్మే సింహాచలం ప్రాణాలతో, పేరుతో బయటపడ్డాడు.

"ఇచ్చినోడే కేన్సిల్ సెయ్యాల. అంతవరకూ ఇదే స్పీడు" అని, నాలుగు అన్నం మెతుకులు నలిపి, చీటీని వంటింటి గోడకి అంటించాడు.

మొదటి నెల గురించి ఫిర్యాదేమీ లేదు. నేను మంచం మీద, బొప్పాయి కంచంలో. టాటానగర్‌లో ఉండే మా అమ్మాయి ఆపిల్ పళ్ళూ గ్లూకోజు డబ్బాలూ పంపింది. సాయంత్రాలు పలచటి పాలలో మరమరాలు. పరామర్శకి వచ్చినవాళ్ళు ఊరికే రాలేదు, ఒక్కొక్కరు ఒక్కో నిషేధం తెచ్చారు.

ఎదురింటి రూతమ్మ అక్క ముందు వచ్చింది. స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి, నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, లేస్తూ అంది: "పైడమ్మా, పచ్చ రోగానికి పచ్చటి పసుపేంటే. కూరలో పసుపు ఆపు."

పసుపు ఆగింది. కందిపప్పు వాతమని ఒకరు, వంకాయ దురదని ఒకరు, అరటిపండు చలవని ఒకరు, పెరుగు కఫమని ఒకరు. చింతపండు పేరు ఎత్తితే అందరూ ఒక్కసారే తల అడ్డంగా ఊపారు. సింహాచలం ప్రతిదాన్నీ డాక్టరు చీటీ కింద పెన్సిలుతో ఎక్కించి, పక్కన పొట్టి సంతకం పెట్టేవాడు. చీటీ నిండిపోయాక దాని కింద పాత కేలెండరు కాగితం ఒకటి అతికించాడు. భాద్రపదం వెళ్ళేసరికి నాకు అనుమతి ఉన్నవి అన్నం, బొప్పాయి, ఆనపకాయ, బార్లీ నీళ్ళు, మరమరాలు, నా పళ్ళూ పాలూ.

అప్పుడు నాకొకటి అర్థమైంది. మా వయసు వచ్చాక మనిషి ఏం తినాలో నిర్ణయించేది అతని నాలుక కాదు, కడుపూ కాదు. ఊడిన పళ్ళు నిర్ణయిస్తాయి. బావ నిర్ణయిస్తాడు. ఎదురింటి అక్క, మందుల షాపు బెంచీ, ఎవరి మేనమామో ఎప్పుడో పోయిన సంగతి, ఇవన్నీ కలిసి కూర వండుతాయి. మనం కంచం ముందు కూర్చుంటాం, అంతే.

దుర్గా పూజ పందిళ్ళు వేసేనాటికి నా కళ్ళు తెల్లబడ్డాయి. ఆకలి తిరిగొచ్చింది. మామూలుగా కాదు, రెండు నెలల బాకీ తీర్చుకుంటానని వచ్చింది. సింహాచలం ఇంటినుంచి గోడ మీదుగా చేప వేపుడు వాసన వస్తుంటే నేను బొప్పాయి ముక్కని నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకునేవాణ్ణి. కోడలు ఆవ పెట్టిందో లేదో వాసనని బట్టి చెప్పగలిగేవాణ్ణి.

పథ్యం విడవడానికి డాక్టరు మాట తీసుకుందామని మందుల షాపుకి వెళ్ళాను. పరదా ఉంది, వెనక కుర్చీ ఖాళీ.

"డాక్టరుబాబు వెళ్ళిపోయారు దాదా" అన్నాడు కాంపౌండరు. "శిలిగురిలో పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. పూజల తర్వాత ఇంకొకరు వస్తారు."

"నా సంగతి ఏమైనా చెప్పి వెళ్ళారా?"

"ఏ సంగతి?"

ఇంటికొచ్చి చెబితే సింహాచలం ఏమాత్రం చలించలేదు.

"డాక్టరు మారితే ఆర్డరు మారిపోద్దేటి? స్టేషను మాస్టరు బదిలీ అయితే కాషన్ లేసిపోద్దా?"

"బావా, నా కళ్ళు చూడు. పాలలా ఉన్నాయి."

"పట్టా కూడా అలగే మెరుస్తాది."

"మరి ఏం చెయ్యమంటావు?"

"శిలిగురికి కార్డు రాయి."

రాశాను. డాక్టరుబాబు, పెద్ద ఆసుపత్రి, శిలిగురి. ముప్పై ఏళ్ళు విలేకరిగా చేసినవాడు రాయవలసిన చిరునామా కాదది. జవాబు రాలేదు. రాలేదు కాబట్టి ఆర్డరు అలాగే నిలిచింది.

ఎదిరించి తినవచ్చు కదా అని అడుగుతారు. నిజం చెప్పాలి. ఆ కాగితం నాకు కోపం తెప్పించేది, ధైర్యం కూడా ఇచ్చేది. బెంచీ మీద విన్న మేనమామ కథ నన్ను వదల్లేదు. బొప్పాయి తింటున్నంతకాలం పోనులే అనే నమ్మకం ఏదో లోపల ఉండేది. కొత్త డాక్టరు వచ్చాక కూడా వెళ్ళి అడగకుండా వారాలు దొర్లించాను. మళ్ళీ ఆ బెంచీ ఎక్కాలంటే కాళ్ళు రాలేదు.

కార్తీకంలో ఒక్కసారి మాత్రం తెగించాను. కూరగాయలకని సంచీ పట్టుకుని గోల్‌బజార్ వెళ్ళి, నాకు ఇరవై ఏళ్ళుగా తెలిసిన సింగాడాల కొట్టు ముందు నిలబడ్డాను. బంగాళాదుంప, పల్లీలు పెట్టి చేసే బెంగాలీ సమోసాలు అవి. అప్పుడే నూనెలోంచి తీస్తున్నాడు.

"రెండు ఇవ్వు దాదా."

అతను జల్లిగరిటె పట్టుకుని నన్ను జాలిగా చూశాడు. "మీకు ఇవ్వకూడదు దాదా. బారణ్ ఉంది కదా, తినొద్దని."

"ఎవరు చెప్పారు?"

"మీ డ్రైవర్‌సాబ్ చెప్పి వెళ్ళారు. పూజలప్పుడే. జబ్బు తిరగబెడితే నీదే పూచీ అన్నారు."

నాలుగడుగులు వేసి చేప వేపుడు బండి దగ్గరకి వెళ్ళాను. నేను నోరు తెరవకముందే వాడు గిన్నె మీద మూత పెట్టాడు. మిఠాయి కొట్టువాడు దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపాడు. బజారు ఈ చివరనుంచి ఆ చివరదాకా నా పేరు మీద సిగ్నళ్ళు పడిపోయి ఉన్నాయి. మరమరాల పొట్లం కొనుక్కుని ఇంటికి వచ్చేసరికి సింహాచలం అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"ఏటి బావా, సింగాడాలు వేడిగా లేవేటి?"

నేను పొట్లంతో లోపలికి పోయాను. పైడితల్లి నవ్వు ఆపుకోలేక గుమ్మం పట్టుకుంది. అంతసేపు నవ్వాక ఆయాసంతో అక్కడే కూర్చుండిపోయింది. నవ్వి నవ్వి ఆయాసం వచ్చిందనుకున్నాను.

చలికాలం వచ్చింది. నా చొక్కాలు వేలాడసాగాయి. మధ్యాహ్నం పేపరు చదువుతూ చదువుతూ నిద్రపోయేవాణ్ణి. నీరసం చూసి జబ్బు తిరగబెట్టిందేమోనని అరుగు మీద సమావేశం జరిగింది. నీరసం తగ్గాలంటే ఇంకొంచెం కట్టడి చెయ్యాలని నిర్ణయమైంది. ఆనపకాయ చలువ చేస్తుందని కొట్టేశారు. తిండి తగ్గి నీరసపడ్డవాడికి తిండి ఇంకా తగ్గించడంలో ఎవరికీ ఏ వింతా కనబడలేదు. నాకూ కనబడలేదు.

ఇంకొన్ని కూడా నాకు కనబడలేదు. పైడితల్లి గాజులు మోచేతి దాకా జారుతుండేవి. కొత్తవి కొనాలి కాబోలు అనుకున్నాను. అరుగు మెట్లు మూడే. రెండో మెట్టు మీద ఆగి ఊపిరి తీసుకునేది. చలి అనుకున్నాను. ముఖం పాలిపోతే, ఎండ తగలక రంగు వచ్చిందేమో అనుకున్నాను. ఇది నిజంగానే అనుకున్నాను, రాయడానికి సిగ్గుగా ఉంది. నేను మాత్రం రోజూ పొద్దున్న అద్దం ముందు నా కళ్ళే చూసుకునేవాణ్ణి.

జనవరిలో ఒక పొద్దున్న వర్క్‌షాపు సైరను మోగిన కాసేపటికి వీధి కుళాయి దగ్గరనుంచి రూతమ్మ అక్క గొంతు వినబడింది.

"తమ్ముడూ, తొందరగా రా. పైడమ్మ పడిపోయింది."

నేను వెళ్ళేసరికి పైడితల్లి తడి నేల మీద కూర్చుని ఉంది. బిందె పక్కకి దొర్లిపోయింది. రూతమ్మ అక్క ఆమె తల తన ఒడిలో పెట్టుకుని చీర చెంగుతో విసురుతోంది.

"ఏటే, ఏటయ్యింది?"

"ఏటీ కానేదు. కళ్ళు తిరిగినాయి. అన్నం పొయ్యి మీదుంది, సూడండి ముందు."

రిక్షా పిలిచాం. రూతమ్మ అక్క ఆమెని పట్టుకుని కూర్చుంది. నేనూ సింహాచలం చెరో పక్కా రిక్షా పట్టుకుని నడిచాం. అదే మందుల షాపు, అదే బెంచీ, అదే పరదా. నా జబ్బప్పుడు నేను భయపడ్డాననుకున్నాను. భయం అంటే అది కాదని ఆ రోజు తెలిసింది. ఆమె చెప్పులు నా సంచీలో ఉన్నాయి, ఎందుకు పెట్టానో తెలియదు.

పరదా వెనక కొత్త డాక్టరు ఒకావిడ. యాభై దాటిన బెంగాలీ మనిషి. రైల్వే తెలుగువాళ్ళని చూసి చూసి ఆవిడకి తెలుగు కొంత పట్టుబడింది. పైడితల్లి కంటి రెప్పలు, గోళ్ళు, నాలుక చూసింది. నాడి పట్టుకుంది. నాకేసి తిరిగింది.

"రోజూ ఏం తింటారు?"

ఇది నాకు వచ్చిన పాఠం. గడగడా చెప్పాను. అన్నం, బొప్పాయి, మరమరాలు, పళ్ళు, సాయంత్రం పాలు.

"అది మీరు. నేను అడుగుతున్నది ఈమె ఏం తింటుందని."

ఊళ్ళో ఎవరింట్లో ఏం జరిగినా తెలుసుకుని రాసినవాణ్ణి. ముప్పై ఎనిమిదేళ్ళుగా నాకు వడ్డిస్తున్న మనిషి ఏం తింటుందో నాకు తెలియదు. నేను లేచి చెయ్యి కడుక్కున్నాక ఆమె తినేది. ఆ సమయంలో నేను పేపరు చదువుకునేవాణ్ణి.

పైడితల్లి నా తరఫున జవాబు చెప్పింది. "ఈయన తిన్నదే తింటానమ్మా."

"ఎప్పటినుంచి?"

"సావనం నించి."

"నీకు జబ్బు లేదు కదా. నువ్వెందుకు?"

"ఇంట్లో సేప ఒండితే ఈయనకి నోరూరదా? ఈయన బొప్పాయి తింటుంటే నాను ముక్క కొరుకుతూ కూకుంటానేటి."

"పళ్ళు, పాలు తీసుకున్నావా?"

"అయ్యి రోగిష్టోలకి గదా అమ్మా."

రూతమ్మ అక్క తల కొట్టుకుంది. "రెండుసార్లు అడిగానే, మా ఇంట్లో గుడ్డు కూర తినవే అని. తిన్నానక్కా, కడుపు నిండుగా ఉందక్కా అన్నావు కదే."

డాక్టరమ్మ నా రెప్పలు కూడా లాగి చూసి, కాలేజీ పరీక్ష ఫలితం చెప్పినట్టు చెప్పింది. నా జబ్బు పూజలనాటికే పోయింది. నన్ను పళ్ళూ పాలూ కాపాడాయి. ఈమెని మాత్రం ఆరు నెలలుగా ఉత్త బొప్పాయి మీద, అదీ నేను తినగా మిగిలినదాని మీద నడిపించాం. ఒంట్లో రక్తం లేదు. ఈ వయసులో ఇంకొంతకాలం ఇలాగే సాగితే గుండె మీదికి వచ్చేదట.

"అంటే ఇంట్లో రోగి ఈమె" అంది. "మీరు కాదు."

పరదా అంచు పట్టుకుని నిలబడ్డ సింహాచలం చొక్కా జేబులోంచి కాగితం తీశాడు. వంటింటి గోడ మీది చీటీ. కేలెండరు కాగితంతో సహా ఊడబెరికి తెచ్చాడు, ఎప్పుడు తెచ్చాడో నేను చూడలేదు.

"డాక్టరమ్మా, ఇది కేన్సిల్ సేసి ఇయ్యండి. రాసి."

ఆవిడ చదివింది. పసుపు, వంకాయ, పెరుగు, ప్రతి దాని పక్కన పొట్టి సంతకం. పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. "ఇది ఎవరు రాశారు?"

"నానే."

"ఎందుకు?"

సింహాచలం నేలకేసి చూశాడు. "మా ఇంటిది మంచాన ఉన్నప్పుడు పథ్యం సెప్పినారు. మావిడికాయ ముక్క కావాలని ఒకటే గోల. పాపం అని నానే ఇచ్చినాను. నాలుగో రోజు ఎల్లిపోనాది. కాగితం మీద ఉన్నట్టు నడిపించుంటే..." అని ఆగిపోయాడు. "ఈపాలి తప్పు సెయ్యకూడదనుకున్నాను."

మూడేళ్ళు పక్క వాటాలో ఉన్నాడు. ఆ మామిడికాయ ముక్క సంగతి నాకు తెలియదు. ఇది రెండోది, నేను చూడనిది.

డాక్టరమ్మ ఆయన్ని కూర్చోమంది. మామిడికాయ ముక్కకి మనిషి చావడని నెమ్మదిగా, రెండుసార్లు, హిందీలో ఒకసారి తెలుగులో ఒకసారి చెప్పింది. తర్వాత కలం తీసి చీటీ మీద అడ్డంగా పెద్ద గీత కొట్టి, రద్దు అని రాసి, తారీఖు వేసింది.

"టైము కూడా" అన్నాడు సింహాచలం.

ఆవిడ గడియారం చూసి టైము కూడా వేసింది. ఆయన కాగితం తీసుకుని, మడిచి, జేబులో పెట్టుకుని, ఆరు నెలల తర్వాత మొదటిసారి గట్టిగా ఊపిరి వదిలాడు.

"ఇప్పుడు ఈమెకి రాయండి" అన్నాడు.

రాసింది. రోజూ చేప గాని గుడ్డు గాని. పప్పు, ఆకుకూర, పెరుగు, పండు, సాయంత్రం పాలు. మాత్రలు వేరే. కాస్త ఆలోచించి ఇంకో లైను చేర్చింది: ఈమె తిన్న తర్వాతే భర్త తినాలి. సింహాచలం వేలితో చీటీ చివర చూపించాడు. "ఆఖరి మాట రాయండమ్మా." డాక్టరమ్మ అర్థం చేసుకుని రాసింది: నేను మళ్ళీ చెప్పేవరకు.

ఆ మధ్యాహ్నం జరిగిన భోజనం మా ఇంట్లో అంతకుముందు ఎన్నడూ జరగలేదు. పైడితల్లి కంచం ముందు కూర్చుంది, నేను వడ్డించాను. కూర గరిటె ఏదో, పప్పు గరిటె ఏదో నాకు తెలియదని అప్పుడే తెలిసింది. నెత్తళ్ళ వేపుడు సింహాచలం కోడలు పంపింది. రుయ్ చేప పులుసు నేను గోల్‌బజార్ నుంచి తెచ్చిన ముక్కలతో రూతమ్మ అక్క వండింది. సింహాచలం కొత్త చీటీని పాతది ఉన్నచోటే గోడకి అంటించి గుమ్మంలో నిలబడ్డాడు.

"మీరిద్దరూ అలగ సూస్తుంటే ముద్దెలగ దిగుతాది" అంది పైడితల్లి.

"మేం సూడ్డంనేదు. తిను" అన్నాడు సింహాచలం, చూస్తూనే.

ఆమె ముక్క విరిచి, పొట్ట భాగం నాకని పక్కన పెట్టింది.

"అది ఆర్డర్లో నేదు" అన్నాడు గుమ్మంలోంచి.

ఆమె ఆ ముక్క తినేసింది. తినేసి, తలొంచుకుని, "ఉప్పు సరిపోనాది" అంది. అంతసేపటికి నా ఆకలి ఎంతకొచ్చిందో చెప్పలేను. పులుసు వాసన నా ముఖం మీదే ఉంది, గరిటె నా చేతిలోనే ఉంది. కూర్చుని తినడానికి ఇంకో పావుగంట పట్టింది. ముప్పై ఎనిమిదేళ్ళు ఆమె ఆ పావుగంట ఎలా కూర్చుందో నాకు అప్పుడు కొంత తెలిసింది.

కోలుకోవడం మెల్లగా జరిగింది. మొదటి రెండు వారాలు మాత్రలకి కడుపు పాడై మంచం దిగలేదు. రూతమ్మ అక్క రోజూ గిన్నె పట్టుకుని వచ్చి, ఆమె తిన్నాక గిన్నె కడిగి పట్టుకుపోయేది. మాట మీద ఇక నమ్మకం లేదంది, కడిగిన గిన్నె మీదే నమ్మకమంది. గోల్‌బజార్‌లో నన్ను ఆపిన సింగాడాల అతను ఈసారి తనే పిలిచి పొట్లం కట్టి, "ఇది దీదీకి. మీకు కాదు" అన్నాడు. నేను నా పాత నోటుబుక్కు తీసి, ఏ రోజు ఏం తిన్నదో రాసుకోవడం మొదలుపెట్టాను. నా జీవితంలో అంత శ్రద్ధగా రాసిన వార్తలు లేవు. తోటకూర తిన్నది, గుడ్డు సగం నా కంచంలోకి తోసింది, పట్టుబడింది. ఉగాది నాటికి మెట్లు మూడూ ఆగకుండా ఎక్కింది. నేను కింద నిలబడి లెక్కపెట్టడం చూసి, పైనుంచి "ఏటి, టిక్కెట్టు అడుగుతారేటి" అంది. ఆ రోజు నోటుబుక్కులో అదే రాశాను.

మా ఇంటి కాగితం చూడటానికి వచ్చేవాళ్ళకి నేను చెప్పేవి రెండే. పథ్యం చెప్పిన డాక్టరుని, అది ఎప్పుడు విడవాలో కూడా అప్పుడే అడగండి. ఆయనకి ఎక్కడో ఉద్యోగం రావచ్చు. రెండోది, ఇంట్లో ఒకరు జబ్బుపడితే, వాళ్ళకి వడ్డిస్తున్నవాళ్ళ కంచంలోకి ఒకసారి తొంగిచూడండి. ముసలితనంలో తినడం మానేసేవాళ్ళు ఎవరికీ చెప్పి మానరు. కడుపు నిండుగా ఉందని మాత్రం చెబుతారు.

రెండేళ్ళకి డాక్టరమ్మ కూడా ఊరు విడిచి వెళ్ళింది. భర్తకి బదిలీ అయిందట. వెళ్ళేముందు మందుల షాపుకి వెళ్ళి దండం పెట్టి వచ్చాం. మాట్లాడాం, చాలాసేపే. పైడితల్లి చీటీ సంగతి మాత్రం మేమెవరం ఎత్తలేదు. తిరిగి వస్తుంటే రిక్షాలో సింహాచలం నా తొడ మీద చిన్నగా తట్టాడు.

ఆ కాగితం ఇంకా గోడ మీదే ఉంది. ఉతికిన చీర కొంగు భుజం మీద వేసుకుని పైడితల్లి రోజూ నా కంటే ముందు కూర్చుంటుంది. అప్పుడప్పుడు గోడకేసి చూసి అడుగుతుంది.

"అన్నియ్యా, ఇంకెన్నాళ్ళు ఇది?"

సింహాచలం లేచి, కళ్ళజోడు పెట్టుకుని, ఆఖరి లైను ఇంకోసారి చదువుతాడు.

"కేన్సిల్ కానేదమ్మీ. డాక్టరమ్మ వస్తే అడుగుదాం."

నేను ఆమె కంచంలో రెండో ముక్క వేస్తాను.